తలుపు వెనక ధ్యానం

హాల్లో చివరి వరసలో కూర్చున్న సత్యవేణి కాలు చూసేసరికి త్రివేణికి ఒళ్లు మండిపోయింది. బొటనవేలు నల్లబడింది. కట్టులోంచి వాసన వస్తోంది. అడిగితే, ఇన్సులిన్ మానేశానని మెల్లగా చెప్పింది సత్యవేణి. గురువుగారు షుగర్‌ని శ్వాసతోనే జయించారని ఉమామహేశ్వర్ సార్ చెప్పగా విని మానేసిందట.

ఆ గురువు త్రివేణి తండ్రి చంద్రయ్య. రైల్వేలో రిటైరయ్యాక ఉప్పల్‌లో తన ఇంటి డాబా మీద యోగా నేర్పాడు. ముందు నొప్పి ఉన్న చోటు చూడు, ఆసనం తర్వాత అనేవాడు. రోజూ క్లాసుకు ముందు గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. చొక్కా ఎత్తి పొట్టకు ఇన్సులిన్ పొడుచుకునేవాడు, అంతే. బయట శిష్యులు చేతులు కట్టుకుని, గురువుగారు సమాధిలో ఉన్నారని గుసగుసలాడుకునేవారు. నాకు షుగరుందని ఆయనే చెప్పినా, ఎంత వినయమో అని మురిసిపోయారు. ఇలాంటి భక్తిని ఏ చెప్పుతో కొట్టాలి?

పెద్ద శిష్యుడైన ఉమామహేశ్వర్ మాత్రం మురిసిపోయిన రకం కాదు. మెడికల్ షాపు నుంచి ఆ మందు తెచ్చిపెట్టిందే అతను. చంద్రయ్య పోయి ఏడాదైంది; ఈరోజు నాచారం కమ్యూనిటీ హాల్లో మొదటి ఆరాధన. పాదుకల పక్కన పెట్టడానికి ఆయన వస్తువులు తెమ్మన్నదీ అతనే. శాలువా, జపమాల తీసుకుని, ఆయన పొడుచుకునే ఇన్సులిన్ పెన్ను తిరిగి త్రివేణి చేతిలో పెట్టాడు. జనానికి ధైర్యం రావాలంటే కొంచెం పెంచి చెప్పాలమ్మా అన్నాడు, చేతిలో మైకు సర్దుకుంటూ. అప్పుడే ఆ మైకు లాక్కోనందుకు ఇప్పుడామె పళ్లు నూరుకుంది.

అతను స్టేజీ మీద మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు. త్రివేణి సంచిలోంచి పెన్ను తీసి, నేరుగా వెళ్లి పాదుకల పక్కన పెట్టింది.

"మా నాయన తలుపేసుకొని జేసిన ధ్యానం గిదే," అంది. "గిది మానేసినంక ఈ అక్క కాలు ఎట్లయిందో సూడున్రి."

కొబ్బరికాయ పట్టుకున్న పూజారి చెయ్యి అలాగే ఆగింది. ఇది అపచారమని ఉమామహేశ్వర్ గొణిగాడు. సత్యవేణి పెన్ను వంక చూసింది, తన కాలి వంక చూసుకుంది.

"అయితే నేను మళ్ల ఏసుకోవాల్నా, అమ్మా?"

"ముందుగాల దవాఖానాకు నడువు, అక్కా."

సత్యవేణి బరువంతా త్రివేణి భుజం మీద వేసింది. ఇద్దరూ గేటు దాకా వచ్చేసరికి వెనక మైకు మళ్లీ మోగింది.

"చూశారా! మన పాపాలు తన ఒంట్లోకి తీసుకుని, మనకోసం ఆ సూదిపోటు కూడా భరించారు గురుదేవులు."

చప్పట్లు. పెన్ను మీద పూలు పడుతున్నాయి. వెనక్కి పోయి ఆ మైకు అతని నోట్లో కుక్కాలనిపించింది త్రివేణికి. కాని సత్యవేణి మూలిగింది. నొప్పి ఇక్కడుంది. త్రివేణి ఆ కోపంతోనే ఆటోకి చెయ్యెత్తింది.