చెరువు గట్టు మీద ఆడమనిషి

తనూజకి ఆ రోజు పొద్దున్నే ఒళ్ళు మండింది. మండించినవాళ్ళు బందరు యూనివర్సిటీలో ఆమె పీహెచ్‌డీ కమిటీ పెద్దలు.

రొయ్యల చెరువు గట్టు ఆడవాళ్ళు ఎందుకెక్కకూడదు అన్నది తనూజ పరిశోధన. కృత్తివెన్ను వైపు, చెరువులో సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వేశాక ఆడమనిషి గట్టెక్కితే మైల తగిలి రొయ్యకి తెల్లమచ్చ రోగం వస్తుందంటారు. రోగం ఎలా వస్తుందో జువాలజీ చెప్పాలి. నింద ఆడవాళ్ళ మీదకే ఎందుకొస్తుందో జెండర్ స్టడీస్ చెప్పాలి. రెండూ కలిపి చదివితే తప్ప గట్టు సంగతి తేలదని ఆమె మొత్తుకుంది. విన్నదెవరు?

"నీళ్ళ పరీక్షలు బాగున్నాయమ్మా. ఆ ఆడవాళ్ళ గొడవ తీసెయ్యి. మూఢనమ్మకం అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది," అన్నారు జువాలజీ కృష్ణమూర్తిగారు. పక్కనే కూర్చున్న జెండర్ స్టడీస్ వేదవతిగారు, "ఆ సీసాలూ శాంపిళ్ళూ మనకెందుకు తనూజా? ఆడవాళ్ళ అనుభవాలు రాస్తే చాలదూ?" అన్నారు. ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే. ఏదో ఒక సగం తీసేసి రావాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చేసరికి అమ్మ ఫోను.

"మావయ్య చెరువు పోయిందే. తెల్లమచ్చట. నువ్వు గట్టెక్కడం వల్లేనని ఊరంతా కోడై కూస్తోంది. కొన్నాళ్ళు అటు వెళ్ళకు తల్లీ."

మావయ్యంటే శోభనాద్రి, అమ్మకి అన్న. ఎంతమంది రైతుల్ని బతిమాలినా గట్టు మీదకి రానివ్వనప్పుడు, "మా మేనకోడలు ఎక్కితే ఏమవుతుందిరా?" అని శాంపిళ్ళు తీసుకోనిచ్చిన ఒకే ఒక్క మనిషి. తనూజకి ఆయనంటే అప్పటినుంచీ గురి.

ఆమె నేరుగా ల్యాబ్‌కి నడిచింది. మావయ్య చెరువులో సీడు వేసిన రోజు కొన్ని రొయ్య పిల్లల్ని స్పిరిట్ సీసాలో వేసి ఉంచింది. వాటికి రోగం ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేసింది. సాయంత్రానికల్లా తేలిపోయింది. ఆ సీడు, పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీ నుంచి వచ్చేటప్పటికే రోగిష్టిది. గట్టు తనూజ ఎక్కినా, ఇంకెవరెక్కినా, ఎవరూ ఎక్కకపోయినా ఆ చెరువు పోవలసిందే.

మర్నాడు మేనమామకి ఈ ముక్క చెప్పి, ఆయన చేత ఊరికి చెప్పించాలని కృత్తివెన్ను బస్సెక్కింది. చెరువుల దారిలో కనకరత్నం ఎదురైంది. చెరువులో వలలేసి రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో వాటిని ఏరే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద.

"గట్టెక్కనివ్వకపోయినా, కింద టెంటులో కూర్చుని మా పని మేం చేసుకునేవాళ్ళమండీ. ఇప్పుడు ఆడవాళ్ళు ఈ దరిదాపులకే రావొద్దంటన్నారు. ముఠా మొత్తాన్నీ మానిపించేశారు," అంది కనకరత్నం. "మీ చదువు మీకొచ్చింది, మా పని పోయింది."

"నా వల్ల కాదు కనకరత్నంగారూ. సీడే పాడు."

"ఆ మాట మాకెందుకండీ? మమ్మల్ని మానిపించినోళ్ళకి చెప్పండి," అని ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది. అందులో తప్పేముంది?

శోభనాద్రి చెరువు పక్క షెడ్డులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గట్టు మీద మనుషులు బ్లీచింగ్ చల్లుతున్నారు. తనూజ సీడు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసే," అన్నాడు. "పక్కూళ్ళల్లో ఆ సీడు వేసినోళ్ళందరివీ పోయినియ్."

తనూజ ఫోను తీసి ఆయన ముందు మంచం మీద పెట్టింది. "రికార్డు చేస్తున్నాను మావయ్యా, థీసిస్‌కి. సరేనా?"

"ఆఁ, చేసుకో."

"మరి ఊళ్ళో నా పేరు చెప్పిందెవరు?"

"నేనే. ఏం చెయ్యమంటావ్? హేచరీ వాడితో పేచీ పెట్టుకుంటే రేపు సీడెవడిస్తాడు? పోనీ ఊరుకుంటే, శోభనాద్రికి సాగు చేతకాలేదంటారు. నీ పేరు చెబితే ఎవడికీ నష్టం లేదు. నువ్వేమన్నా నాకు సీడు ఆపుతావా? ఇంటి పిల్లవి, ఇంట్లోనే సర్దుకుపోతుంది."

"నువ్వు ఆ మైల సంగతి నమ్ముతావా?"

"నమ్మితే నిన్ను ఎక్కనిస్తానటే!" అని నవ్వాడు.

ఆ నవ్వుకి తనూజ అరికాలి మంట నెత్తికెక్కింది. మూఢనమ్మకమట! ఇందులో మూఢం ఎక్కడ ఏడిచింది? అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. ఈయనకి కోపం కూడా లేదు. నీడపట్టున కూర్చుని, నింపాదిగా ఆలోచించి, ఏ దుత్తని పగలగొడితే తనకి ఏ ఇబ్బందీ ఉండదో చూసుకున్నాడు. ఉత్త సీసాలతో గానీ, ఉత్త ఇంటర్వ్యూలతో గానీ ఇది బయటపడేదా?

"లే మావయ్యా. వచ్చి కనకరత్నానికి ఈ మాట చెప్పు. వాళ్ళ పని వాళ్ళకి ఇప్పించు."

శోభనాద్రి ముఖం మాడింది. "కూలికొచ్చే ఆడాళ్ళకి నేను సంజాయిషీ ఇచ్చుకోవాలా? మతుండే మాట్టాడుతున్నావా?"

తనూజ ఫోను తీసుకుని లేచింది. "అయితే ఇది థీసిస్‌లోకెక్కుతుంది. సీడు రిపోర్టు పక్కనే. కమిటీ ఏ సగం తియ్యమన్నా తియ్యను. పీకేస్తే పీకెయ్యనీ, ఇంకో యూనివర్సిటీకి పట్టుకుపోతాను."

"ఏమేవ్! నా పేరు రాస్తావా? హేచరీ వాడు చూస్తే..."

"నీ పేరు రాయనులే. థీసిస్ రూలు ఒప్పుకోదు. పేరు మారుస్తాను, ఊరు మారుస్తాను," అంది తనూజ. "మేనమామ అన్న వరస మాత్రం మార్చను."