గురువారం సంతకం

చర్చి సహోదరుల సంఘంలో ఒక నియమం ఉంది. ఏ సహోదరుడు మంచాన పడినా, అతని ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లే వేళకు ఇంకో సహోదరుడు వచ్చి పక్కన కూర్చోవాలి. కలిసి జపమాల చెప్పుకోవాలి. వెళ్లొచ్చాక గుడి వెనక హాల్లోని పుస్తకంలో సంతకం పెట్టాలి. నియమం బంగారమే, పాటించే మనుషులే ఇత్తడి. తన బేకరీ వదిలి వారం మధ్యలో వచ్చి హాలు తాళం తీయాలంటే కార్యదర్శికి బద్ధకం. అందుకని ఆదివారం పూజ కాగానే రాబోయే వారం సంతకాలన్నీ అప్పుడే పెట్టించేసేవాడు. దేవుడి పనిలో మాట తప్పుతామా అని అందరికీ ధీమా.

తాళాల మేస్త్రీ కూడా అలాగే పెట్టాడు. గురువారం, నాలుగు నుంచి ఐదు, లారీ డ్రైవరు ఇల్లు.

డ్రైవరును మేస్త్రీ బావా అనేవాడు, ఆయన భార్యను అక్కా అనేవాడు. చుట్టరికం లేదు, అంతకన్నా ఎక్కువే ఉంది. మేస్త్రీ భార్య ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజులూ అతని పిల్లలకు జడలేసి, అన్నం పెట్టి బడికి పంపింది ఆ ఇల్లే. ఇప్పుడు బావకు గుండె బలహీనం, కాళ్లు వాచిపోయాయి. అక్క గురువారాలు మాత్రమే మందులకు వెళ్లేది, అదీ ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకంతో.

ఆ గురువారం ఒక బట్టల కొట్టు షట్టరు బిగుసుకుపోయింది. మేస్త్రీ నాలుగున్నరకల్లా దాన్ని లేపేశాడు. పరిగెత్తితే అరగంటైనా దక్కేది. కానీ కొట్టాయన, "నీ చేతిలో ఏదో మహిమ ఉందయ్యా" అంటూ టీ తెప్పించాడు. పొగడ్తకు పడనివాడెవడు? మేస్త్రీ కూర్చుని తను తెరిచిన తాళాల గొప్పలన్నీ చెప్పుకున్నాడు. టీ చల్లారింది, గొప్పలు చల్లారలేదు.

ఐదింటికి అక్క మందులతో ఇల్లు చేరేసరికి డ్రైవరు కుర్చీలోనే పోయి ఉన్నాడు.

పుస్తకంలో సంతకం ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని శవపేటిక మోశాడు. ముప్పయ్యో రోజు పూజ తర్వాత హాల్లో అందరి ముందూ అక్కే అడిగింది.

"ఇన్నాళ్లూ అడిగే ధైర్యం చాల్లేదు తమ్ముడూ. చివరికి ఏమన్నాడు మీ బావ?"

నిజం గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం అబద్ధమే ఊడిపడింది. "జపమాల పూర్తి చేశామక్కా. నీ గురించే మాట్లాడాడు. నిద్రొస్తోంది, ఇక నువ్వెళ్లు అన్నాడు."

"అయితే ఒంటరిగా లేడు," అందామె. నెల రోజుల తర్వాత ఆమె ముఖం మొదటిసారి తేటపడింది. సంఘం అధ్యక్షుడు మేస్త్రీ భుజం తట్టి, సహోదరుడంటే ఇలా ఉండాలని కొత్తవాళ్లకు చూపించాడు. మేస్త్రీకి ఆ భుజం నరికేసుకోవాలనిపించింది. సిగ్గుతో ఆ వారమంతా అన్నం సయించలేదు.

గురువారం ఆమె తలుపు గడియ బాగుచేయమని కబురు పెట్టింది. నాలుగింటికి వెళ్లాడు. ఆమె వైపు వీపు తిప్పి, మరలు విప్పుతూ చెప్పేశాడు. షట్టరు, టీ, గొప్పలు, అన్నీ.

"నేను రాలేదక్కా. హాల్లో చెప్పిందంతా అబద్ధం."

ఆమె భర్త కుర్చీ వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "కుర్చీ తలుపు వైపు తిప్పి ఉంది. నువ్వు వెళ్తుంటే చూస్తూ ఉండిపోయాడనుకున్నాను. వస్తావని చూశాడన్నమాట."

మేస్త్రీ స్క్రూడ్రైవరు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నన్ను తిట్టక్కా. కొట్టు."

"తిడితే నీకు తేలికవుతుంది. నీ బరువు తెచ్చి నా నెత్తిన దించావు. నేనెక్కడ దించుకోను?"

ఏ తాళానికైనా చెవి చేయగలడని పేరున్నవాడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె లోపలికి వెళ్లి భర్త జపమాల తెచ్చింది. ఆయన కుర్చీలో తను కూర్చుని, ఎదురుగా ఉన్న స్టూలు చూపించింది. ఆ గురువారం మేస్త్రీ కోసమని తనే వేసి వెళ్లిన స్టూలు అది. అప్పటినుంచీ తీయలేదు.

"కూర్చో. ఐదు కొట్టేదాకా లేవకు."

జపమాల చెప్పుకున్నారు. సగంలో ఆమె గొంతు ఆగిపోతే మిగతాది అతను అందుకున్నాడు. అతని గొంతు ఆగిపోయినప్పుడు ఆమె అందుకోలేదు, అతను తేరుకునేదాకా చూస్తూ ఊరుకుంది. ఐదు కొట్టింది.

గుమ్మం దాకా వచ్చి ఆమె అంది, "వచ్చే గురువారం కూడా రా తమ్ముడూ. వచ్చాకే పెట్టు సంతకం."