వెనక వరసల బరువు

ప్రయాణాలు ఆగిపోయిన ఆ ఏడాది నేను అట్టపెట్టెలకు సీట్లు కేటాయించే పని చేశాను. అంతకుముందు నాలుగేళ్ళు చెకిన్ కౌంటర్లో కూర్చుని మనుషులకు సీట్లిచ్చాను. జనం రావడం మానేశాక విమానాలను ఊరికే నిలబెట్టలేక మా కంపెనీ వాటిలో సరుకు పంపడం మొదలుపెట్టింది. కింద సామాను పెట్టే పొట్టలోనే కాదు, పైన మనుషులు కూర్చునే సీట్లలో కూడా. సీట్లకు మందపాటి గుడ్డ తొడిగి, పెట్టెలు పేర్చి, పైనుంచి వల వేసి కడతారు. ఏ వరసలో ఏ పెట్టె, ఎన్ని కిలోలు అన్నది కాగితం మీద వేసి ఇవ్వడం నా వంతు.

"వీళ్ళే నయం," అనేవాడు నాన్న. "కిటికీ పక్క సీటు కావాలని గొడవ పడరు."

నాన్న అదే విమానాశ్రయంలో లోడరు. ఇరవై ఆరేళ్ళు విమానం పొట్టలో మోకాళ్ళ మీద కూర్చుని సామాను సర్దిన మనిషి. ఇప్పుడు లోడర్లలో సగం మందిని ఇంటికి పంపేశారు. మిగిలిన పన్నెండు మందీ మెట్ల దగ్గర్నుంచి సీట్ల మధ్య దారి పొడవునా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు పెట్టెలు అందుకోవాలి. తెరిచేది ముందు తలుపు ఒక్కటే. నాన్నది చివరి చోటు, తోక దగ్గర. వెనక పది వరసలకు వచ్చే ప్రతి పెట్టెనూ ఆయనే అందుకుని సీటు మీద పెట్టాలి. ఎత్తలేనివాణ్ణి ఉంచుకోనని మేస్త్రి మొదటిరోజే చెప్పేశాడు.

నాన్న కుడి భుజం పాడైందని నాకు దువ్వెన వల్ల తెలిసింది. అద్దం ముందు ఎడమచేత్తో తల దువ్వుకుంటున్నాడు. నన్ను చూసి దువ్వెన కుడిచేతికి మార్చాడు. కానీ ఆ చేయి చెవి దాటి పైకి లేవలేదు.

"మీ అమ్మకి చెప్పకు," అన్నాడు.

అమ్మకి చెబితే మర్నాడే డాక్టరు. డాక్టరు విశ్రాంతి అంటాడు. విశ్రాంతి అంటే ఇక ఇంటికే. పని లేని రోజున నాన్న ఎలా ఉంటాడో నాకు తెలుసు. బాగున్న తలుపు గొళ్ళాలు విప్పి మళ్ళీ బిగిస్తాడు. సాయంత్రానికి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

నేను అమ్మకి చెప్పలేదు. ఇంకో పని చేశాను. వెనక పది వరసలకూ తేలికవి రాశాను. మాస్కులు, దూది, చేతి తొడుగులు, ఒక్కొక్కటి నాలుగైదు కిలోలు. సెలైన్ సీసాల పెట్టెలు పద్నాలుగేసి కిలోలు. అవన్నీ ముందు వరసలకు వేశాను. అక్కడ నిలబడేవాళ్ళు వయసులో ఉన్నవాళ్ళు.

విమానం కూడా తక్కెడ లాంటిదే, ముందూ వెనకా బరువు సరిపోవాలి. ఆ లెక్క చూసే ఆవిడను అందరం తూకం మేడమ్ అంటాం, ఆవిడ ఎదుట కూడా. రెండు వారాలపాటు ఆవిడ నన్నేమీ అనలేదు. ముందు కాస్త బరువెక్కితే, కింద పొట్టలో వెనకవైపు సరుకు సర్దించి సరిచేసేది.

ఆ బుధవారం పొట్టలోకి రావలసిన సరుకు రాలేదు. లారీలు దారిలో ఆగిపోయాయని కబురొచ్చింది. అప్పటికే పైన పెట్టెలు ఎక్కించేశారు. తూకం మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది.

"రెండు వారాల కాగితాలూ తీసి చూశాను," అంది. "సెలైన్ ఒక్కసారైనా ఇరవయ్యో వరస దాటలేదు. ఇది అదృష్టమా, అలవాటా?"

కాగితం మీద వెనక వరసల దగ్గర వేలు పెట్టింది.

"వెనక ఎవరు నిలబడతారు?"

"మా నాన్న. భుజం బాగాలేదు మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి విమానం వైపు చూసింది.

"విమానానికి మీ నాన్న ఎవరో తెలీదమ్మా," అంది. గొంతులో కోపం లేదు. "దానికి బరువొక్కటే తెలుసు. అందులో పైలట్లిద్దరు, పెట్టెలకు కాపలాగా ఇంకో ఇద్దరు వెళ్తున్నారు. వాళ్ళూ ఎవరో ఒకళ్ళకి నాన్నలే."

"పొరపాటైంది మేడమ్."

"పొరపాటు కాదు, తెలిసే చేశావు. ఇరవై నాలుగు పెట్టెలు వెనక్కి వెళ్ళాలి. నలభై నిమిషాలుంది. వెళ్ళు."

కొత్త కాగితం తీసుకుని విమానం మెట్లెక్కాను. మేస్త్రి దాన్ని చూసి నుదురు కొట్టుకున్నాడు.

"కట్టిన వలలు మళ్ళీ విప్పాలా? మేం మనుషులం అనుకుంటున్నావా, మిషన్లు అనుకుంటున్నావా తల్లీ?"

"లెక్క తప్పింది," అన్నాను.

వెనకనుంచి నాన్న వచ్చి నా చేతిలో కాగితం తీసుకున్నాడు.

"ఇవన్నీ సెలైనేనా?"

"అన్నీ అవే. వెనక పది వరసలకి."

నాన్న కాగితాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నేనూ అనుకుంటూనే ఉన్నా, నాకు రోజూ దూదే ఎందుకొస్తోందని," అన్నాడు మెల్లగా. "అడిగితే ఆగిపోతుందేమోనని అడగలేదు."

తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. "అమ్మాయికి లెక్క తప్పలేదు. నాకోసం అలా వేసింది. నా కుడి భుజం లేవట్లేదు. రెండు నెలలైంది."

మేస్త్రి నాన్న భుజం వైపు చూశాడు.

"రెండు నెలలా? మరి నాకు చెప్పవేం?"

"చెబితే పంపించేస్తావుగా."

"పంపించకుండా దాచుకోవడానికి ఇదేమన్నా మా మామగారి విమానమా?"

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మేస్త్రి గడియారం చూసుకున్నాడు. కట్టి ఉన్న వలల వైపు చూశాడు.

"వలలు కట్టడానికి భుజం అక్కర్లేదుగా?"

"మోచేతి దాకా బాగానే ఉంది."

"అయితే వలలన్నీ నువ్వు చూడు. వీళ్ళు ఒక్కొక్కడూ ఒక్కో రకంగా కడుతున్నాడు. మరి చివర ఎవరు నిలబడతారు?"

"నేనుంటాను," అన్నాను.

"కౌంటరమ్మాయి ఎత్తుతుందట," అన్నారెవరో. "దారి ఇవ్వండర్రా."

పద్నాలుగు అని నేను రోజూ రాస్తూనే ఉన్నాను. అది చేతుల్లోకి వస్తే ఎలా ఉంటుందో మొదటి పెట్టె అందుకున్నప్పుడు తెలిసింది. నడుము వంచి ఎత్తబోయాను. పక్క వరసలో మోకాళ్ళ మీదున్న నాన్న తలెత్తలేదు.

"నడుముతో ఎత్తకు. మోకాళ్ళు వంచు. పెట్టెని ఒంటికి ఆనించుకో, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు."

రెండో పెట్టె అలాగే ఎత్తాను. నేను పెట్టి పక్కకి జరగ్గానే నాన్న వల లాగి కట్టేవాడు, ఎడమచేత్తో ఒకసారి ఊపి చూసేవాడు. కదలకపోతే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం తర్వాతి పెట్టె అందుకునేదాన్ని. ఇరవై నాలుగూ అయ్యేసరికి వేళ్ళు ముడుచుకోవడం లేదు.

తూకం మేడమ్ మెట్ల కింద నిలబడి లెక్క సరిచూసి సంతకం పెట్టింది. దిగి వస్తున్న నాన్నని చూసి, "మీరేనా?" అంది.

"నేనేనమ్మా."

"ఇకమీదట మీ అమ్మాయి నా పక్కన కూర్చుని కాగితం వేస్తుంది. ఒక్కతే వెయ్యదు."

"అదే మంచిదమ్మా," అన్నాడు నాన్న.

మేస్త్రి మా వెనకే దిగాడు. "వలల పని ఈ వారం చూద్దాం, అన్నా. పైవాళ్ళు ఒప్పుకుంటే ఉంటావు. మాటివ్వలేను."

"ఇవ్వక్కర్లేదు. దాచుకోనక్కర్లేదు, అది చాలు."

విమానం వెళ్ళిపోయాక స్టాఫు బస్సు కోసం షెడ్డు పక్క బల్ల మీద కూర్చున్నాం. చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసుకున్నాను.

"రేపు నీకు సెలవేగా?" అన్నాడు నాన్న.

"ఆఁ."

"ఎముకల డాక్టరు పొద్దున్నే ఉంటాడా?"

"తొమ్మిదికి వస్తాడు."

"మీ అమ్మకి నేనే చెప్తాను. తిడుతుంది."

బస్సు మలుపు తిరిగి వస్తోంది. నాన్న లేచి నా సంచీ తీసి తన ఎడమ భుజానికి తగిలించుకున్నాడు.

"చెప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉండు," అన్నాడు.