అందించని గెడ

మా పెద్ద కోడలికి నలభై దాటాక నీళ్లలో దిగాలని బుద్ధి పుట్టింది. నేను ఆపలేదు. ఆపితే ఆగే మనిషే అయితే మా ఇంట్లో ఇన్నేళ్లు నెగ్గుకొచ్చేదా?

మా పెద్దాడు రేవులో పనిచేసేవాడు. గాలి సిలిండరు వీపున కట్టుకొని కిందికి దిగి, ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకేవాడు. కింద ఎలా ఉంటుందని పెళ్లాం అడిగితే "ఏముంటుంది, చీకటీ చలీ" అని కంచం ముందు కూర్చునేవాడు. అంతకు మించి వాడి నోట ఒక్క మాట రాలేదు. ఒకనాడు దిగినవాడు తనంతట తాను పైకి రాలేదు. గుండె ఆగిందన్నారు.

పైన పడవలో, వాడి నడుముకు కట్టిన తాడు పట్టుకున్నది వాడి తమ్ముడు, మా చిన్నాడు. చేతిలో తాడు కదిలింది. అన్న ఇంకాస్త వదలమంటున్నాడనుకొని వదిలాడు. ఆ తర్వాత తాడు కదల్లేదు. ముందే లాగినా ప్రాణం దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. ఆయన చెవులకు చెప్పాడు గాని, ఆ తాడు పట్టిన చేతులకు ఎవరు చెప్తారు?

చిన్నాడు రేవు పని మానేశాడు. సముద్రం అడుగు చూడాలని ముచ్చటపడే వాళ్లకు డైవింగ్ నేర్పే బడిలో గురువుగా చేరాడు. కోడలు వెళ్లింది ఆ బడికే.

"ఆయన రోజూ చూసిన చోటు నేను ఒక్కసారైనా చూడాలి అత్తయ్యా" అంది.

నేనేమనగలను? కన్నతల్లిని, వాడేం చూశాడో నాకూ తెలియదు.

ఆ బడిలో సిలిండరు ముట్టుకోవాలంటే ముందు ఈత పరీక్ష నెగ్గాలి. రెండువందల మీటర్లు ఆగకుండా ఈదాలి. ఏ ఈతైనా సరే, ఎంతసేపైనా సరే, తొందరేం లేదు. ఆ తర్వాత పది నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా, కాలు కింద ఆనకుండా నీళ్ల మీద ఉండాలి. పరీక్ష పెట్టేవాడు గట్టు మీద పొడుగాటి గెడ పట్టుకొని నిలబడతాడు. మునిగేలా ఉంటే అందిస్తాడు. గెడ తాకిందా, పరీక్ష పోయినట్టే.

ఈదడం వరకు కోడలు గట్టెక్కింది. తాబేలే నయమట గాని, ఈదింది. చిక్కంతా తేలడం దగ్గరే వచ్చింది. నోట్లోకి కాసిని నీళ్లు పోయి దగ్గింది. ఆ దగ్గు పూర్తి కాకముందే చిన్నాడి చేతిలోని గెడ ఆమె చంకలోకి వచ్చేసింది. మరో వారం వెళితే మళ్లీ అదే కథ. తడి జుట్టుతో ఇంటికొచ్చి, అన్నం గిన్నె పొయ్యి మీద ఠపీమని పెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఇక్కడ మరిది మీద కోపం గిన్నె మీద పడింది.

మూడోసారి నేనూ వెంట వెళ్లాను. పూల్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో తువ్వాలు పెట్టుకొని కూర్చున్నాను.

"నువ్వెందుకొచ్చావమ్మా? బకెట్లో నీళ్లు చూసినా జడుసుకుంటావు" అన్నాడు చిన్నాడు.

"నీళ్లను చూడ్డానికి రాలేదురా నాయనా. నిన్ను చూడ్డానికొచ్చాను."

వాడు గెడ చేతిలోకి తీసుకున్నాడు. కోడలు నిచ్చెన మీద నిలబడి వాడికేసి చూసింది.

"చిన్నా, నేను చెయ్యెత్తితేనే గెడ అందించు."

"మునిగేవాళ్లు చెయ్యెత్తి అడగరు వదినా."

"దగ్గేవాళ్లకు గాలి ఆడుతున్నట్టేనని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది నువ్వేగా? మరి నా దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం ఏమైపోతుంది?"

"నీకేమన్నా అయితే నేను..."

"నాకేం కాలేదు. రెండుసార్లూ నేను మునగలేదు. ముందే భయపడింది నువ్వు."

మాట సూటిగానే తగిలింది. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆమె నీళ్లలోకి దిగింది.

ఈత ముగించి, వెల్లకిలా తిరిగి చేతులు చాపింది. చెవులు నీళ్లలో మునిగాయి, మొహం ఒక్కటే పైన. పైకప్పుకున్న దీపాల వంక చూస్తోంది. వాడు గట్టు వెంట అటూ ఇటూ నడుస్తున్నాడు. మెడలో వేలాడే గడియారాన్ని చూడడం, ఆమెను చూడడం, అదే పని. సగం సేపు గడిచిందేమో, అవతలి గట్టున ఎవరో దూకారు. అల వచ్చి ఆమె మొహం మీద పడింది. కాళ్లు కిందికి జారాయి. దగ్గింది. మళ్లీ దగ్గింది. తల ఒకసారి మునిగి లేచింది.

వాడి చేతిలో గెడ లేచింది. నా ఒళ్లో తువ్వాలు నలిగిపోయింది. లాగరా అని అరవాలనే ఉంది నాకూ. ఒక కొడుకును నీళ్లకిచ్చిన దాన్ని, మరి ఎలా ఉంటుంది? పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. గెడ ఆమెకు జానెడు దూరంలో ఆగింది. వాడి పెదవులు ఏదో అంటున్నాయి, నాకు వినబడలేదు. కోడలు రెండు కాళ్లూ ఆడించింది, గుక్క తిప్పుకుంది, మెల్లగా మళ్లీ వెల్లకిలా తిరిగింది. వాడు గెడను వెనక్కి తీసి నేల మీద పెట్టేశాడు.

టైమయ్యాక ఎవరి సాయం లేకుండా నిచ్చెనెక్కి వచ్చింది. నేను తువ్వాలు కప్పాను. ఒళ్లు మంచులా ఉంది.

"నెగ్గానా?" అంది.

వాడు తలూపాడు. "సిలిండరు పాఠం సోమవారం మొదలుపెడదాం వదినా" అన్నాడు.

"ఆ పాఠం నీ దగ్గర వద్దు చిన్నా. అవతలి పూల్లో నేర్పే ఆవిడ దగ్గర చేరతాను."

"నా మీద కోపమా?"

"కోపమైతే ఇంట్లోనే తిట్టేదాన్ని కదూ. కింద కూడా నువ్వు నన్నే చూస్తూ ఉంటావు. నువ్వు భయపడుతున్నావేమోనని నేను నిన్ను చూస్తూ ఉంటాను. ఇక అక్కడ ఏముందో ఎవరం చూస్తాం?"

ఆమె బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. వాడు తడి నేల దాటి ఆ గురువమ్మ దగ్గరికి నడిచాడు.

"మా వదిన మీ దగ్గరికొస్తుంది. కొంచెం ఎక్కువ దగ్గుతుంది" అన్నాడు. "దగ్గగానే లాగెయ్యకండి. కాసేపు చూడండి. తనే సర్దుకుంటుంది."