మెహమూద్ బండికి కొత్త ఇంజన్

మెహమూద్ పేరిట నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిపోయింది. వచ్చిన చుట్టాలంతా బస్సులెక్కి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం మెహమూద్ అన్న ఆజం షెడ్డు వెనక భాగం తలుపు తీశాడు.

కల్వకుర్తిలో శ్రీశైలం రోడ్డు మీద, ఊరు దాటబోయే చోట ఉంది ఆ షెడ్డు. ముందు భాగంలో ఆజం లారీలు, జీపులు బాగుచేసేవాడు. వెనక భాగం తమ్ముడిది. అక్కడ మెహమూద్ పాత అంబాసిడర్ కారు నిలబడి ఉంది. దాని పక్కన నేల మీద, గోనెపట్టాల కింద, ఇంకో ఇంజన్ ఉంది. ప్రమాదంలో నుజ్జయిన కాంటెస్సా కారుది. మెహమూద్ హైదరాబాదు పాత సామాన్ల బజారులో వెతికి వెతికి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని కళ్లారా చూసుకున్నాడే గానీ, బండిలో పెట్టేలోగా కామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించారు, మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు, అక్కడి నుంచి హైదరాబాదుకు. వానలు వెనకబట్టిన రోజుల్లో, జీపులో, ఆజం ఒడిలో తల పెట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు. అప్పటికే ఊపిరి లేదు.

తండ్రి పోయేనాటికి మెహమూద్ ఇంకా తప్పటడుగులు వేస్తున్నాడు. ఆజంకు అప్పటికే మీసాలు వచ్చాయి. తమ్ముడిని భుజం మీద ఎక్కించుకుని తిప్పింది, పానా పట్టడం నేర్పింది, తర్వాత తిట్టింది కూడా ఆజమే. తిట్టేది ఈ పందేల గురించే. హైదరాబాదులోని ఒక మోటారు క్లబ్బు ఏటా చలికాలం చివర, సరదాగా బండ్లు నడిపేవాళ్లకని ఒక పందెం పెట్టేది. శ్రీశైలం డ్యాం దాకా వెళ్లి, ఘాటు ఎక్కి వెనక్కి వచ్చి, ఆలంపూర్ మీదుగా తిరిగి హైదరాబాదు చేరాలి. రెండు రోజులు బండి చెడిపోకుండా, చెప్పిన వేళకు చెప్పిన చోటికి చేరడమే అందులో గెలుపు.

"బండంటే మనిషిని ఒక తాన్నుంచి ఇంకో తానికి చేర్చాలె. బయలెల్లిన తానికే మళ్ల వచ్చుడు ఏం పనిరా?" అనేవాడు ఆజం.

మెహమూద్ నవ్వేవాడు. స్నేహితుడు గాలయ్యను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ డ్యాం నుంచి దోమలపెంట వైపు ఎక్కే ఘాటులో అంబాసిడర్ పొగలు కక్కి ఆగిపోయింది. అందుకే ఈ పెద్ద ఇంజన్.

ఆజం గోనెపట్టాలు తీసి చూస్తుండగానే గాలయ్య వచ్చాడు. దేవరకొండలో ఎవరో ఆ ఇంజన్ అడుగుతున్నారని చెప్పడానికి వచ్చాడు. చెప్పడం ఇష్టం లేనట్టు గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"అమ్మేది లేదు," అన్నాడు ఆజం. ఇంజన్ మీద దుమ్ము తుడిచి, "గిది ఆ బండ్ల ఎట్ల కూసుంటదని అనుకున్నడురా వాడు? నీకేమన్న చెప్పిండా?" అని అడిగాడు.

గాలయ్య లోపలికి వచ్చి ఇంజన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మస్తు చెప్పిండన్నా. చెప్పుడే గదా వాని పని," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాత ఇంజన్ దించారు. గొలుసు కప్పీకి వేలాడుతూ అది బయటికొచ్చింది, నల్లగా, నూనె కారుతూ. హాలియాలో జీపు కిరాయికి తిప్పే పోచయ్య ఆ వారంలోనే అటుగా వస్తే, జాగా ఖాళీ అవుతుందని అతనికి ఇచ్చి పంపేశాడు ఆజం. దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

కొత్త ఇంజన్ ఆ బండిలో ఒక పట్టాన కూర్చోలేదు. కింద ఆయిల్ చాంబర్ అడ్డదూలానికి తగిలింది. చాంబర్‌ను కోసి, లోతు తగ్గించి, పక్కకు వెడల్పు చేసి మళ్లీ అతికించాడు ఆజం. గేరుబాక్సు పొడుగు ఎక్కువై లోపలి రేకు కోయాల్సి వచ్చింది. వెనక చక్రాలకు పోయే రాడ్డును లేతు మీద పొట్టిచేయించాడు. ఫౌండేషన్ రబ్బర్లు పట్టే చోట్లు కొత్తగా వెల్డింగు చేశాడు. పొగగొట్టం ఈ ఇంజన్‌కు స్టీరింగు వైపు ఉంది. దాన్ని వంచి, వేడి తగలకుండా దూరంగా తిప్పడానికి ఎన్ని గొట్టాలు కోసి పారేశాడో లెక్కలేదు.

ప్రతిదానికీ గాలయ్యను అడిగేవాడు. "గీడ వాడేం చేద్దామన్నడు?"

గాలయ్యకు కొన్ని నిజంగానే గుర్తుండేవి. గుర్తులేని చోట కల్పించి చెప్పేవాడు. ఆజంకు ఆ తేడా తెలిసేది. అయినా అడగడం మానలేదు. "గట్లయితే రేడియేటర్ ముందుకు జరుపాల్సొస్తది గదరా," అని తమ్ముడితోనే వాదిస్తున్నట్టు గొణిగేవాడు. ఒక్కోసారి "నీకెన్నడు తెలివొస్తదిరా" అని నవ్వేవాడు కూడా. షెడ్డు వెనకే ఇల్లు. ఆ నవ్వు వంటింట్లోకి వినిపిస్తే, ఆజం భార్య తాహేరా చేస్తున్న పని ఆపి అత్త వైపు చూసేది. అత్త హుస్సేన్ బీ గోడకు ఆనుకుని తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉండేది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె అడిగిందానికి తప్ప మాట్లాడటం లేదు.

సంక్రాంతి వెళ్లేనాటికి పని దాదాపు అయిపోయింది. అప్పటి నుంచి ఆజం బిగించినవి విప్పడం మొదలుపెట్టాడు. పొగగొట్టం ఇంకోసారి తీశాడు. ఫౌండేషన్ బోల్టులు మార్చాడు. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ చుట్టాడు.

"అన్నా, గది మంచిగనే ఉండె గదా," అన్నాడు గాలయ్య ఒక రోజు.

బండి కింద ఆజం ఇంకో బోల్టు విప్పాడు.

"వాడు పోవాలనుకున్న పందెం దగ్గరికొచ్చింది. ఒక్కసారి చాలు జేసి చూద్దామన్నా."

"చేద్దాం తీయి," అన్నాడు ఆజం. తర్వాత మరో వారం గడిపాడు.

చివరికి ఒక శుక్రవారం, నమాజు నుంచి వచ్చాక, ఇక విప్పడానికి ఏదీ తోచక, బండి స్టార్టు చేశాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, మూడోసారికి పట్టుకుంది. నున్నగా, లోతుగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేని చప్పుడు. గాలయ్య బానెట్టు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ముందు షెడ్డులో బాగుకొచ్చిన లారీ డ్రైవర్లు కూడా వచ్చి చూశారు.

హుస్సేన్ బీ తాహేరా చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. తలుపు దగ్గర నిలబడి కొంచెంసేపు విన్నది.

"ఇదెవరి బండి?" అని అడిగింది.

"మెహమూద్ బండే అమ్మీ," అన్నాడు ఆజం.

"కాదు బేటా. వాని బండి సప్పుడు గిది కాదు. వాడు మూల తిరుగుతుంటెనే నాకు ఎరుకయ్యేది. రొట్టె పెనం మీద ఏసేదాన్ని." ఆమె ఇంకోసారి చెవి ఒగ్గింది. "పాత ఇంజన్ ఏది?"

ఆజం తాళంచెవి తిప్పి ఆపేశాడు. ఇన్ని నెలలూ తమ్ముడి పని చేస్తున్నాననుకున్నాడు. తమ్ముడిది ఈ ఇంట్లో మిగిలి ఉన్న ఒక్క చప్పుడును తన చేతులతోనే ఎత్తి బయటపెట్టాడు.

మర్నాడు బస్సెక్కి హాలియా వెళ్లాడు. పోచయ్య కాలువ వంతెన దగ్గర, అడ్డా మీద దొరికాడు. సంగతి చెప్పకుండా, "జీపు ఒక్కసారి చాలు చెయ్యే," అని మాత్రం అడిగాడు ఆజం. పోచయ్య వింతగా చూసి స్టార్టు చేశాడు. వరి బస్తాలు మోసే ఆ జీపులో అది ఖంగుఖంగుమంటూ, సైలెన్సర్ చిల్లుతో, ఎవరిదో పరాయి బండి అన్నట్టు మోగింది. ఆజం ముందుకు వంగి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నాడు. పోచయ్య గట్టిగా తొక్కాడు, మెల్లగా తొక్కాడు. దేంట్లోనూ మెహమూద్ బండి చప్పుడు లేదు.

"ఏమైంది ఆజం భాయ్? వాపస్ కావాల్నా? కావాలంటె తీస్క పో. నేను ఇంకోటి చూస్కుంట."

"వద్దే. గది ఇప్పుడు నీ ఇంజనే," అన్నాడు ఆజం.

పోచయ్య జీపు ఆపేశాడు. "నీ తమ్ముడు తొక్కే తీరే వేరుండె," అన్నాడు మెల్లగా.

బస్సులో ఇంటికి వస్తూ, అద్దానికి తల ఆనించి, ఆజం మొదటిసారి ఏడ్చాడు. తమ్ముణ్ణి మట్టి చేసిన రోజు కూడా ఏడవలేదు. పక్కన కూర్చున్న ముసలామె ఏమీ అడగకుండా తన మూటను కొంచెం ఇటు జరిపి, అతనికీ అవతలివాళ్లకూ మధ్య చాటు చేసింది.

అయినా పందేనికి వెళ్లాడు. వెళ్లకపోతే గాలయ్య ముఖం చూడలేడు. ఇంకో ఆశ కూడా లోపల ఎక్కడో ఉంది. మెహమూద్ రెండుసార్లు ఆగిపోయిన ఆ ఘాటు పైకి చేరితే గుండె మీద బరువు ఎంతో కొంత దిగుతుందేమో అనుకున్నాడు.

మొదటి రోజు మధ్యాహ్నానికి డ్యాం దగ్గరికి చేరారు. అక్కడి నుంచి ఎక్కుడు. ఒక పక్క ఎండిన అడవి, ఇంకో పక్క లోయ, మలుపు మీద మలుపు. ముందు వెళ్లిన రెండు బండ్లు బానెట్లు తెరుచుకుని పక్కన నిలబడి ఉన్నాయి. ఆజం గేరు మార్చి తొక్కాడు. బండి ఎక్కడా తడబడలేదు. రేడియేటర్ వేడి చూపే ముల్లు కదల్లేదు.

"గిదే అన్నా, గీ మలుపే," అన్నాడు గాలయ్య. "మొదటిసారి గీడనే ఆగింది. వాడు దిగి నెత్తి మీద నీళ్లు పోస్కున్నడు." ఇంకా పైకి వెళ్లాక, "రెండోసారి గీడ," అన్నాడు.

దోమలపెంట వచ్చింది. చదును రోడ్డు వచ్చింది. గాలయ్య ముఖాన్ని రెండు చేతుల్లో దాచుకుని, "ఎక్కిందన్నా, ఎక్కిందే," అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో సంతోషం ఉంది. ఆజం దానికోసం తన లోపల వెతుక్కున్నాడు. రోడ్డు ఉంది, చెట్లు ఉన్నాయి, చేతుల కింద స్టీరింగు ఉంది. ఇంకేమీ లేదు.

రెండో రోజు పొద్దెక్కాక, ఆలంపూర్ దాటుతున్నప్పుడు, తుంగభద్ర కనబడే చోట ఆజం బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ బాగానే ఉంది. తమ తరగతిలో ముందున్నవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

"ఏమైందన్నా?"

"ఇగ నాతోని కాదురా."

"గిప్పుడా? ఇంత దూరమొచ్చి?"

"ఎంత దూరమొస్తె ఏంది. వాడు ముందటనా లేడు, ఎన్కనా లేడు." ఆజం తాళంచెవి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పని చేసినన్ని దినాలు ఉండె. ఇంజన్ చాలైనంక పోయిండు."

గాలయ్య కిందికి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆజం వైపు తలుపు తెరిచాడు. "నీ ఒక్కనికే పోయిండా అన్నా? నువ్వు అడిగినప్పుడల్లా, గుర్తులేకున్నా చెప్పుకుంట కూసున్న. ఇంటికి పోయి నేను ఎవర్ని అడగాలె? జరుగు."

ఆజం జరిగాడు. మిగిలిన దారంతా గాలయ్యే నడిపాడు. హైదరాబాదులో పందెం ముగిసే మైదానంలో ఎవరో మెడలో దండలు వేశారు, ఎవరో చేతికి చిన్న ఇత్తడి కప్పు ఇచ్చారు. ఇంజన్ మార్చిన మెకానిక్ ఎవరని క్లబ్బువాళ్లు అడిగితే గాలయ్య ఆజం వైపు చూపించాడు. వాళ్లు వచ్చి చేతులు కలిపారు. ఆజం కలిపాడు.

ఇంటికి చేరేసరికి హుస్సేన్ బీ మంచం మీద కూర్చుని ఉంది. బండి వచ్చిన చప్పుడు విన్నా లేవలేదు.

"వాడు ఎక్కని గుట్ట ఎక్కినవా?" అని అడిగింది.

"ఎక్కిన అమ్మీ."

ఆమె చాలాసేపు కొడుకు ముఖం చూసింది. అక్కడ తనకేమైనా దొరుకుతుందేమోనని చూసి, మెల్లగా తస్బీ వైపు చూపు తిప్పుకుంది.

గాలయ్య తర్వాత రావడం తగ్గించాడు. ఎండాకాలంలో అచ్చంపేటలో బస్సు డ్రైవరుగా చేరాడని ఎవరో చెప్పారు. వెళ్లేముందు వచ్చి కలవలేదు. ఆజం కూడా అతన్ని వెతుక్కుంటూ పోలేదు. ఇద్దరి మధ్య ఉన్న మాటలన్నీ ఆ బండి కిందే అయిపోయాయి.

షెడ్డు తలుపులు ఇప్పుడు తాహేరా తీస్తోంది. ఆజం వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. మొన్న ఒక లారీ గేరుబాక్సు పనికి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా వచ్చే డ్రైవరే. ఆజం కిందికి దూరి, బోల్టులు విప్పి, పానా చేతిలో పట్టుకుని అలాగే పడుకుని ఉండిపోయాడు. డ్రైవరు పిలిచాడు. రెండోసారి పిలిచాడు. తాహేరా వచ్చి వంగి చూసింది. ఆజం కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏమన్న సామాను కావాల్నా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు ఆజం. "తర్వాత ఏం జెయ్యాల్నో యాదికొస్తలేదు."

తాహేరా కొంగు సర్దుకుని, లేచి, డ్రైవరుతో అవతలి షెడ్డు పేరు చెప్పింది. అక్కడి మెకానిక్కును పిలుచుకురమ్మంది. తర్వాత మళ్లీ వంగి, మట్టిలోనే కూర్చుని, లారీ కిందికి చెయ్యి చాపి భర్త చేతిలోని పానాను మెల్లగా తీసుకుంది.