ఇంజను తిరుగుతుండగా

నేను ఒక ఆయిల్ పుల్లని. డిప్‌స్టిక్కు అనేవాళ్ళున్నారు, గేజీ అనేవాళ్ళున్నారు. మూరెడు పొడవు, తలమీద పసుపుపచ్చ పిడి, కింది కొసన రెండు గీతలు, అంతే నా ఒళ్ళు. ఆయిల్ కింది గీతకు దిగితే పోయాలి, పై గీత దాటితే పోసినవాడు తప్పు చేసినట్టు. ఈ రెండు ముక్కలు చెప్పడానికే నన్ను పుట్టించారు. పుట్టి పన్నెండేళ్ళు దాటింది. ఒక్క రోజు కూడా అబద్ధం చెప్పలేదు. అయినా నన్ను సాక్ష్యంగా పెట్టి ఒక మంచివాడికి దొంగ అని పేరు పెట్టారు. అందుకే నాకు కోపం. శాంతంగా చెప్పమంటే నా వల్ల కాదు, వినదలుచుకుంటే ఇలాగే వినండి.

నేను పుట్టింది ఎక్కడో చలిదేశంలో, నేల మీద పడ్డ అన్నం కూడా ఏరుకుని తినొచ్చు అన్నంత శుభ్రమైన ఫ్యాక్టరీలో. గీతలు వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నాయని నా తోటివాళ్ళను ఇద్దరిని చెత్తబుట్టలో వేశారు. నేను నెగ్గాను. నన్ను ఒక ఎర్ర స్పోర్ట్స్ కారులో దించారు. రెండే సీట్లు, ఇంజను వెనకాల, ముందు బానెట్ ఎత్తితే ఒక సూట్‌కేసు పెట్టుకునే చోటు. ఆ బానెట్ ఎత్తి ఇంజను ఏదని వెతుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను.

మా కారులో ఒక విశేషం ఉంది. అది అర్థమైతేనే నా గోడు అర్థమవుతుంది. లారీల్లో, మామూలు కార్లలో ఆయిల్ ఇంజను అడుగునే ఉంటుంది. మా కారులో దానికి పక్కన వేరే ట్యాంకు. నా కాపురం ఆ ట్యాంకులో. ఇంజను ఆపి వదిలేస్తే కొన్ని గంటల్లో ఆయిల్ ట్యాంకులోంచి ఇంజను అడుగుకు జారిపోతుంది. ఇంజను తిరుగుతుంటే పంపు దాన్ని మళ్ళీ ట్యాంకులోకి తోడుతుంది. కాబట్టి బండి బాగా వేడెక్కాక, ఇంజను ఆపకుండా, తిరుగుతుండగానే నన్ను తీసి చూడాలి. చల్లారిన బండిలోంచి తీస్తే నేను పొడిగానే బయటికొస్తాను. ఆయిల్ ఎక్కడికీ పోలేదు, కిందే ఉంది. కానీ నాకు నోరు లేదు, రెండు గీతలే ఉన్నాయి.

మొదటి యజమాని బెంగళూరులో ఒక పళ్ళ డాక్టరు. ఆదివారం ఆదివారం తోలేవాడు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు, అంతా సర్వీసు వాళ్ళకే వదిలేశాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. తెలియదని తెలిసినవాడు ఎవరికీ హాని చేయడు.

ఆ తర్వాత కారును కొన్నవాడు మలకొండారావు. చీమకుర్తిలో నల్ల గ్రానైటు క్వారీ, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఆయన డ్రైవరు మస్తాన్ వలి. వీళ్ళిద్దరి సంగతి వాళ్ళ మాటల్లోనే విన్నాను. పాతికేళ్ళ కింద మస్తాన్ లారీ డ్రైవరు, మలకొండారావు ఆ లారీకి క్లీనరు. స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మస్తానే. "పొద్దున్నే, బండి కదలకముందే గేజీ తియ్యిరా కొండా, తుడిచి మళ్ళీ పెట్టి చూడు" అని చెప్పి ఆయిల్ చూడ్డం నేర్పిందీ ఆయనే. అప్పట్లో ఇతను ఆయనకు కొండా, ఆయన ఇతనికి మస్తానన్న. క్వారీ లీజు చేతికొచ్చిన ఏడాదికల్లా అన్న కాస్తా మస్తానూ అయ్యాడు, కొండా కాస్తా సార్ అయ్యాడు. మస్తాన్‌కు దానిమీద పట్టింపు లేనట్టే ఉండేవాడు.

బెంగళూరు నుంచి కారు దించడానికి వచ్చినతను మస్తాన్‌ను పక్కకు పిలిచి నన్ను ఎట్లా చూడాలో చేసి చూపించాడు. మస్తాన్ మూడుసార్లు అడిగి తెలుసుకున్నాడు. అగరొత్తుల డబ్బా చించి ఆ అట్టమీద బాల్‌పెన్నుతో రాసుకున్నాడు: బండి వేడెక్కాలి, నేల చదునుగా ఉండాలి, ఇంజను ఆపకూడదు. ఆ అట్టను డ్రైవరు తలుపు సందులో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు లారీల కింద దొర్లినవాడు, తనకు తెలిసిందంతా పక్కన పెట్టి ఒక అట్టముక్క మీద కొత్త పాఠం రాసుకోవడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

క్వారీ యార్డులో చదునైన నేల ఎక్కడుంది? అంతా రాళ్ళు, గుంతలు. అక్కడ నిజంగా చదునైన చోటు ఒక్కటే, లారీలు తూచే కాటా. శనివారం సాయంత్రం లారీల వరుస తగ్గాక మస్తాన్ కారును ఒంగోలు రోడ్డు మీద తిప్పుకొచ్చి కాటా మీద నిలిపేవాడు. ఇంజను ఆపేవాడు కాదు. ఉతికిన పాత బనీను గుడ్డతో నన్ను తుడిచి, మళ్ళీ దించి, తీసి, వెలుతురుకు పట్టి చూసేవాడు. తగ్గితే అర గ్లాసు పోసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ చూసేవాడు. చివర్న నా పిడిని బొటనవేలితో టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కేవాడు. మూడేళ్ళు ఆయిల్ ఏ రోజూ నా రెండు గీతల మధ్య నుంచి కదల్లేదు.

చెన్నై నుంచి ముగ్గురు కొనుగోలుదారులు రాళ్ళు చూడటానికి వచ్చిన రోజున ఇదంతా తలకిందులైంది. ఉదయం తొమ్మిదింటికి కారు షెడ్డులో ఉంది, ముందురోజు నుంచీ కదల్లేదు. మలకొండారావు అప్పుడే దానికి అగరొత్తులు తిప్పి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, వచ్చినవాళ్ళ ముందు వెనక మూత ఎత్తాడు. ఎన్ని కోట్లున్నా నా బండికి ఆయిల్ నేనే చూసుకుంటాను అని వాళ్ళకు చెప్పుకోవాలి, అదీ సరదా. నన్ను బయటికి లాగాడు. ఆయిల్ చుక్క లేదు నా ఒంటిమీద.

"ఏంది మస్తానూ, పుల్ల ఎండిపోయుంది?"

"చల్లగుంది గదా సార్, అట్టనే ఉంటది. ఒక పావుగంట తిప్పుకొచ్చి, ఇంజను ఆపకుండా చూద్దాం. సరిగ్గానే ఉంటది."

"ఇంజను తిరగతా ఉంటే ఆయిల్ చూసేవోడు యాడన్నా ఉన్నాడంటయ్యా?" అని మలకొండారావు వచ్చినవాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. వాళ్ళకు ఏం తెలుసు, వాళ్ళూ నవ్వారు. "పొద్దున్నే బండి కదలకముందు చూడాలని నాకు చెప్పింది ఎవరు? నువ్వు కాదా?"

"నేనే సార్. అది లారీకి. దీనికి ఆయిల్ ట్యాంకు వేరే ఉంది."

"నాకు కత చెప్పబాక. స్టోరులో నిండుగా ఉన్న ఆయిల్ పెట్టెలో డబ్బాలు సగమైనయ్. బండిలో చూస్తే ఆయిల్ లేదు. మరి యాడికి పోయింది? అమ్ముకుంటున్నావా?"

ఆ మాట యార్డులో అందరూ విన్నారు. కాటా దగ్గర వరుసలో ఉన్న లారీ డ్రైవర్లు విన్నారు. పెట్టెలో తగ్గిన డబ్బాల ఆయిల్ కారుకే పోశారు, ఆయిల్ మార్చిన రోజున ఆ ఖాళీ డబ్బాలను చూసిందీ మలకొండారావే. కానీ తన మాట ముందు తన కళ్ళు కూడా ఆయనకు లెక్కలేదు. మస్తాన్ మొహం మాడిపోయింది. మొలలో ఉన్న స్టోరు తాళంచెవి తీసి కారు మీద పెట్టాడు.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూడండి సార్. మీరే చూడండి. ఆ తర్వాత ఏ మాటన్నా పడతా."

పావుగంట. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళ పేరుకు పావుగంట. అది ఇవ్వడానికి మలకొండారావుకు తీరిక లేదు. "నువ్వింక రావొద్దులే" అన్నాడు, చెయ్యి ఊపి. మస్తాన్ తలవంచుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. నేను అప్పటికీ మలకొండారావు చేతిలోనే ఉన్నాను, పొడిగా, దొంగసొత్తును చూపించినట్టు నన్ను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. విరిగిపోతే బాగుండునని నాకు ఒక్కసారే అనిపించింది, అది ఆ రోజే.

తర్వాత ఆయన స్వహస్తాలతో ఆయిల్ పోశాడు. ఒక లీటరు పోశాడు, నేను పొడి. రెండో లీటరు పోశాడు, కింది గీత తడిసింది. ఇంకో అరలీటరు పోసి, పై గీత తడిసేదాకా పోసి, నన్ను అందరికీ చూపించి మురిసిపోయాడు. కింద ఇంజను అడుగున నిండా ఆయిల్ ఉంది, దానిమీద ఇది. నాకు నోరుంటే ఊరంతా వినపడేలా అరిచేవాణ్ణి.

చెన్నై వాళ్ళలో పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒంగోలు బయలుదేరాడు. హైవే ఎక్కి వేగం అందుకున్నాక పంపు కింది ఆయిల్‌ను పైకి తోడింది. ట్యాంకు నిండి, పొంగి, గాలి పీల్చుకునే గొట్టాల్లోకి ఎక్కి, మంటలో కలిసింది. కారు వెనక నీలంపొగ రోడ్డును కమ్మేసింది. బర్రెలు తోలుకెళ్తున్న ముసలాయన ఒకడు కొంగలా మెడ సాచి చూశాడు. ఆ తర్వాత ఇంజను దగ్గింది, ఆగింది. ఎర్ర కారును లారీకెక్కించి హైదరాబాదు పంపారు.

సర్వీసు సెంటరులో కళ్ళజోడు పెట్టుకున్న ఇంజినీరు ఒకడు మలకొండారావు చూస్తుండగానే రెండు లీటర్లకు పైగా ఎక్కువైన ఆయిల్ బయటికి తీశాడు. ఎవరో చల్లటి బండిలో పుల్ల చూసి పోశారు సార్ అన్నాడు. తలుపు సందులోంచి అగరొత్తుల అట్ట తీసి చదివి, "ఇందులో సరిగ్గానే రాసి ఉందే, ఎవరు రాశారు?" అని అడిగాడు.

"మా పాత డ్రైవరు" అన్నాడు మలకొండారావు. అట్టమీది అక్షరాలు చూశాడు. ఆ క్షణంలో ఆయనకు అంతా తెలిసిపోయింది, నేను చూశాను. అయినా మాట తిప్పాడు. "వాడే ఎక్కువ పోసి పాడుచేశాడు."

విన్నారా? ఆయిల్ పోయలేదని ఒకసారి, ఎక్కువ పోశాడని ఇంకోసారి. ఒకే మనిషి మీద, ఒకే నోటితో. ఇంజినీరు అట్టను మళ్ళీ తలుపు సందులో పెట్టేశాడు. జీతగాడు పాపం, ఇంకేం చేస్తాడు?

కారు బాగుపడి చీమకుర్తి చేరాక మస్తాన్ సంగతి వాచ్‌మన్ ఫోనులో ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ఆయిల్ మస్తాన్ అంటున్నారట ఆయన్ను. లారీ స్టాండులో ఎవరూ స్టీరింగు ఇవ్వడం లేదట. టార్పాలిన్లు కట్టడం, గ్రీజు కొట్టడం, అడిగినవాడి లారీలో పక్కన కూర్చుని సాయం పోవడం. లారీ నేర్పిన గురువు, క్లీనరు పని చేస్తున్నాడు. తప్పు చేసినవాడేమో ఏసీ గదిలో కూర్చున్నాడు.

ఇక్కడే నా ఒళ్ళు మండే సంగతి ఉంది. మలకొండారావు ఇప్పుడు నన్ను సరిగ్గా చూస్తాడు. బండి వేడిచేసి, కాటా మీద నిలిపి, ఇంజను ఆపకుండా, అచ్చం మస్తాన్ చేసినట్టే. చేసి ఊరుకుంటాడా? వచ్చిన ప్రతివాడికీ పాఠం చెబుతాడు. మాటలు మస్తాన్‌వి, గొప్ప ఈయనది.

ఆ చెన్నై వాళ్ళు ముగ్గురూ మళ్ళీ వచ్చారు. మిట్టమధ్యాహ్నం. కాటా దగ్గర నాలుగైదు లారీలు వరుసలో ఉన్నాయి. ఈయన అందరికంటే ముందు కారు తెచ్చి కాటా మీద నిలిపి, ఇంజను తిరుగుతుండగా నన్ను తీశాడు.

"ఈ బండికి ఇట్టనే చూడాల సార్. చల్లగా ఉన్నప్పుడు తీస్తే పుల్ల పొడిగా వస్తది. తెలీనోడు ఆయిల్ లేదనుకుంటాడు. ఇంకో రెండు లీటర్లు పోసి ఇంజను నాశనం చేస్తాడు."

వరుసలో మొదటి లారీ తలుపు తెరుచుకుంది. క్లీనరు వైపు నుంచి మస్తాన్ దిగాడు. గడ్డం నెరిసింది, చొక్కా నిండా గ్రీజు. తొందరేమీ లేకుండా నడిచి వచ్చి మలకొండారావు ఎదుట నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"ఆ తెలీనోడు ఎవర్రా కొండా?"

ఇంజను తిరుగుతూనే ఉంది. చెన్నై పెద్దాయన మస్తాన్‌ను గుర్తుపట్టి, మలకొండారావు మొహం చూసి, కళ్ళు దించుకున్నాడు. మలకొండారావు నన్ను కిందికి దించాడు, నా కొసనుంచి ఒక వేడి చుక్క ఆయన తెల్లబూటు మీద పడింది. నన్ను గబుక్కున ట్యాంకులో కుక్కి వెనక్కి జరిగాడు.

ఆ లారీ డ్రైవరు సుబ్బానాయుడు అనే ఆయన కిందికి దిగాడు. అన్ని మాటలూ విన్నాడు, మస్తాన్‌ను పంపేసిన రోజు మాటలు కూడా విన్నవాడే. తన తాళంచెవి మస్తాన్ చేతిలో పెట్టాడు.

"మస్తానన్నా, కృష్ణపట్నం పోర్టు దాకా నువ్వు తోలు. నేను పక్కన కూర్చుంటా."

మస్తాన్ తాళం తీసుకుని లారీ వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. నేను సగమే దిగి ఉన్నాను, పసుపు పిడి పక్కకు వాలి ఉంది. ఆయన వెనక్కొచ్చి, మలకొండారావును పక్కకు జరగమని చేత్తోనే చెప్పి, బొటనవేలితో నా పిడిని టక్కుమనేదాకా నొక్కాడు. వేలు చొక్కాకు తుడుచుకుని వెళ్ళి లారీ ఎక్కాడు. హారన్ కొట్టాడు, కారు కాటా మీద అడ్డంగా ఉంది. మలకొండారావు కారెక్కి దాన్ని పక్కకు తీశాడు.

నా కోపం తగ్గలేదు. ఆయన ఇంతవరకూ మస్తాన్ ఇంటికి వెళ్ళలేదు, తప్పు నాది అని ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి నన్ను ఎవరి ముందూ బయటికి తీయడం లేదు. శనివారం సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక, ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని, ఒక్కడే తీసి చూసుకుంటాడు.