వంతు కాని రోజు

ఇసుకలోకి నిలువునా దించిన రెండో గొట్టం మూత విప్పి, తాడుకు కట్టిన సీసాను తెబానో లోపలికి జారవిడిచాడు. తాడు వేళ్ల మధ్య నుంచి సరసరా దిగి ఒక్కసారి వదులైంది. లోపలెక్కడో బుడుంగుమంది. ఇరవై ఆరేళ్లుగా వింటున్నా ఆ చప్పుడంటే అతనికి ఇంకా ముచ్చటే. విన్న ప్రతిసారీ, అడుగు నుంచి ఎవరో పలికినట్టు చిన్నగా తలాడిస్తాడు.

సీసా పైకి లాగి, నీళ్లు గ్లాసులోకి వంచి, ఉప్పు కొలిచే మీటరు ముంచాడు. అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టాడు. నిన్నటి కంటే నాలుగు ఎక్కువ. చెవి వెనక నుంచి పెన్సిలు తీసి పుస్తకంలో రాసుకున్నాడు. వాన పడి ఎనిమిది నెలలు.

పొట్టి మనిషి. సున్నపు ఇసుకలో నడిచి నడిచి మడమలు తెల్లగా పగిలాయి. నీటి బోర్డువాళ్లిచ్చిన నీలం చొక్కా వెలిసిపోయింది. ఊడిన జేబును వల అల్లే దారంతో తనే కుట్టుకున్నాడు.

తరావా దీవిలో ఈ చివర, కొబ్బరిచెట్ల కింద ఇసుకలో, మంచినీళ్లు ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంటాయి. ఊరంతా తాగేది ఆ మీగడే. అందుకే నీటి కోసం వదిలిపెట్టిన ఈ రిజర్వులో ఇల్లు కట్టకూడదు, పందిని కట్టకూడదు, మనిషిని పూడ్చకూడదు. సొంత నేలైనా సరే. దానికి కాపలా తెబానో. రోడ్డుకు అటువైపు ఒకరోజు, ఇటువైపు ఒకరోజు రెండేసి గంటలు నీళ్లు వదిలేదీ అతనే. వాల్వు తిప్పే కడ్డీ ఎప్పుడూ సైకిలుకే కట్టి ఉంటుంది.

పొద్దున భార్య మేరే అన్నం, ఎండుచేప డబ్బాలో సర్దుతూ అంది:

"బావగారింటికి ఒకసారి వెళ్లిరా. వాళ్లమ్మాయి తెరేతియాకి నెలలు నిండొచ్చాయి. మొగుడేమో ఓడ మీద ఉన్నాడు."

"నిన్న సాయంత్రం పలకరించాను అన్నయ్యని."

మేరే చేతిలో గరిటె ఆగింది. "ఏమన్నావు?"

"కొళాయి కట్టమన్నాను. తడిక కింద నుంచి నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి. సైకిలు దిగకుండానే కేకేశాను. కట్టేశారు."

"పదకొండేళ్ల తర్వాత అన్నతో అన్న మాట అదా?" మేరే నవ్వు ఆపుకోలేక డబ్బా మూత వంకరగా పెట్టింది. "నిన్ను చేసుకుంటానని నేను చెప్పిన రోజూ అంతే. ముందు మీ బావి మీద మూత పెట్టండి అన్నావు."

"పెట్టారా లేదా?"

పదకొండేళ్ల కిందట అమ్మ పోయింది. రిజర్వు లోపల, తన సొంత తోటలోనే పడుకోవాలని ఆమె కోరిక. అంతకుముందే మూడు కుటుంబాలను వద్దన్న తెబానో, తల్లినీ వద్దన్నాడు. సముద్రపు పాయ ఒడ్డున చర్చివాళ్ల స్థలంలో పూడ్చారు. "నీ నీళ్లు నువ్వే తాగు" అని ముఖం తిప్పుకున్నాడు అన్న కైతారా. ఆ రోజు నుంచి తన ఇంటి రేకుల మీద పడ్డ వాననీళ్లే తాగాడు. ఈ కరువుకి డ్రమ్ము అడుగంటాక, నాలుగు నెలల కిందటే కొళాయి పెట్టించుకున్నాడు. ఆ కొళాయి బిగించడానికి తెబానో వెళ్లలేదు. బోర్డువాళ్లు వేరే మనిషిని పంపారు.

అమ్మను వద్దన్నాక రిజర్వులో ఒక్క గొయ్యి పడలేదు. తెబానోకు చెప్పుకోవడానికి ఉన్నదల్లా అదే. అన్నను పోగొట్టుకుని నిలబెట్టుకున్నదీ అదే.

ఐదో గొట్టం అయ్యాక రోడ్డెక్కాడు. తాంగీ ముసలమ్మ వాకిట్లో బియ్యం కడుగుతోంది.

"వచ్చాడమ్మా కొళాయిల పోలీసు."

ఆమె కొళాయి కింద తడి ఇసుకను చూపుడువేలితో తాకి, అతను గొంతుక్కూర్చున్నాడు. సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి లోపల వేసి బిగించాడు. "కడుగునీళ్లు పారబొయ్యకు పిన్నీ. బొప్పాయికి పొయ్యి."

"బొప్పాయికి పోస్తే పందికేం పెట్టను, నీ ఉపన్యాసమా? పెళ్లాం కంటే నా కొళాయినే ఎక్కువ చూస్తావు నువ్వు."

"ఆవిడ కారదు పిన్నీ."

పక్కింటి ఆడవాళ్లు చేటలు కింద పెట్టి మరీ నవ్వారు. తెబానో కూడా ఆ నవ్వును నోట్లో పెట్టుకునే మధ్యాహ్నం దాకా తిరిగాడు.

ఏడో గొట్టం అమ్మ తోటలోదే. సైకిలు చెట్టుకు ఆనించి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఇసుక ఊడ్చి ఉంది. ఈనెలు గీసిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. రిజర్వులో ఎవరూ ఊడ్వరు. గీతల వెంటే చూపు సాగింది. నాలుగు పుల్లలు పాతి, వాటి మీద మొగలి ఆకుల చిన్న చాప పరిచారు. దాని నీడలో తెల్లటి గులకరాళ్లు, ఒకదాని పక్కన ఒకటి, కడిగి పేర్చినట్టు.

కుక్కనేమో అనుకున్నాడు. అనుకుంటూనే జాన చాచి కొలిచాడు. రెండు జానలు, ఇంకొంచెం. కుక్క కోసం ఎవరూ రాళ్లు కడగరు.

చేతిలో సీసా ఎప్పుడు జారిందో తెలియలేదు. అక్కడి నుంచి గొట్టానికి తొమ్మిది అడుగులు. లెక్కపెట్టకూడదనుకున్నా కళ్లు లెక్కపెట్టేశాయి.

"కొలవడం అయిందా?"

కొబ్బరిమొద్దు అవతల కైతారా కూర్చుని ఉన్నాడు. గడ్డం నెరిసింది. గోళ్ల సందుల్లో ఇసుక.

తెబానో అన్న వైపు తిరిగాడు. "ఎప్పుడు?"

"నిన్న పొద్దున, ఆసుపత్రిలో. ఊపిరి తియ్యలేదు. ఆడపిల్ల."

"తెరేతియా?"

"ఇంట్లో ఉంది. లేచి తిరుగుతోంది."

"ఒక్క మాట నాకు..."

"చెబితే ఏం చేస్తావురా? అమ్మకు చెప్పిందే దీనికీ చెబుతావు. పేరైనా పెట్టని పిల్ల. గుప్పెడంత. ఇదేం పాడు చేస్తుంది నీ నీళ్లను? రాసుకో. పెన్సిలు ఉందిగా చెవిలో."

తెబానో చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగిపోయింది. రాయకపోతే ఆనాడు అమ్మను ఎందుకు వద్దన్నట్టు? రాస్తే రేపు బోర్డు నుంచి ఎవరో పారలు పట్టుకుని వస్తారు.

"అన్నా, ఎవరి చేతులో ఎందుకు? మనమే తీద్దాం."

"తీసి? ఆ ఒడ్డున ఒంటరిగా పడెయ్యనా?"

"ఒంటరిగా ఎందుకు? అమ్మ ఉందిగా అక్కడ."

కైతారా మొద్దు మీద చెయ్యి ఆనించి లేచాడు. "తెరేతియాని అడగాలి ముందు."

తెరేతియా గోడకు జారగిలబడి ఉంది. పాలు పొంగి చొక్కా ముందు భాగం తడిసింది. చిన్నాన్నను గుమ్మంలో చూసి చాపకు చీలుస్తున్న మొగలి ఆకు పక్కన పెట్టింది. తండ్రి చెప్పినదంతా విన్నది.

"నానమ్మ పక్కనైతే సరే," అంది. "కానీ చిన్నాన్నా, పాపకు మళ్లీ స్నానం చేయించనివ్వండి."

"మళ్లీనా?"

"నిన్నటిది పూర్తికాలేదు. మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికే మా వంతు అయిపోవచ్చింది. తల రుద్దుతున్నాను. మీరు రోడ్డు మీంచి కేకేశారు కదా, నీళ్లు పోతున్నాయని. కంగారుపడి కట్టేశాను. మళ్లీ తిప్పితే రాలేదు. తాగే నీళ్లు చెంబుడే ఉన్నాయి, వాటితో తుడిచాం. జుట్టులో సబ్బు పోలేదు. అలాగే చుట్టేశాం."

ఆ గొంతులో నింద లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తెబానో ఆమె వైపే చూస్తూ నిలబడిపోయాడు. తన కేక తన చెవుల్లోనే మోగింది: కట్టండి, కట్టండి. ఎంత ధీమాగా అరిచాడు. ఎంత హాయిగా తొక్కుకుంటూ పోయాడు సైకిలు.

అన్న వైపు తిరిగాడు. కైతారా నేల చూస్తున్నాడు. ఈ సంగతి తనంతట తను చెప్పి ఉండేవాడు కాదు.

తెబానో బయటికి నడిచాడు. ఈ రోజు వంతు రోడ్డుకు అటువైపుది. సైకిలు నుంచి కడ్డీ విప్పి, వాల్వు గుంత మూత లేపి, ఇటువైపుది తిప్పాడు. ఇరవై ఆరేళ్లలో వంతు తప్పడం ఇదే మొదలు. కడ్డీ రెండుసార్లు జారింది. గొట్టాల్లో గాలి దగ్గింది. వరసగా ఇళ్ల ముందు కొళాయిలు బుసకొట్టి కారడం మొదలుపెట్టాయి.

"మా వంతు కాదే ఇవాళ," తాంగీ బకెట్ పట్టుకుని పరుగున వచ్చింది. "మతి పోయిందా, బాకీ తీరుస్తున్నావా?"

"పట్టుకో పిన్నీ."

అతని మొహం చూసి ఆమె వెళ్లి బకెట్ కొళాయి కింద పెట్టింది.

అన్నదమ్ములు ఇసుకను చేతులతోనే తీశారు. లోతుగా లేదు. కైతారా మూటను ఇంటి దాకా గుండెకు ఆనించుకుని తెచ్చాడు. తడిక వెనక తెరేతియా ఎంతసేపు కావాలో అంతసేపు ఉంది. కొళాయి పూర్తిగా తిప్పి ఉంది. నీళ్లు తడిక కింద నుంచి పారి, వాకిలి దాటి, రోడ్డు మీదికి వచ్చి తెబానో పగుళ్ల మడమలను తడిపాయి. మొదట ఆ నీళ్లు తెల్లగా, నురగతో వచ్చాయి. తర్వాత తేటపడ్డాయి. అతను కదలలేదు. నీళ్లు ఆగి, తెరేతియా అయిందని పిలిచాకే వెళ్లి వాల్వు కట్టాడు.

పాయ ఒడ్డున అమ్మ సమాధి చుట్టూ బోర్లించి పాతిన సీసాలు మెరుస్తున్నాయి. చుట్టూ ఇసుక ఊడ్చి ఉంది. పూడ్చిన రోజు తర్వాత కైతారా అక్కడికి రావడం ఇదే మొదలు.

"ఎవరు ఊడుస్తున్నారు?"

"ఆదివారాలు నేనే."

కైతారా తల ఊపాడు. పాపను అమ్మ కుడిచేతి వైపు ఉంచారు. తెరేతియా దారిలోనే పేరు పెట్టింది, వాళ్లిద్దరికే వినబడేలా చెప్పింది.

పొద్దు వాలుతుండగా తెబానో ఒక్కడే తోటకు తిరిగొచ్చాడు. ఇసుకలో పడి ఉన్న సీసా వెతికి, ఏడో గొట్టంలోకి దించి, అంకె చూసి రాశాడు. దాని కింద ఇంకో రెండు వరసలు రాశాడు. ఇక్కడ ఒక రాత్రి పాటు ఒక గొయ్యి ఉంది, తీసేశాం. వంతు కాని వైపు వాల్వు గంటసేపు తెరిచాను, స్నానం కోసం.

గొయ్యి పూడ్చిన చోట ఇసుకను అరచేత్తో చదును చేశాడు. గులకరాళ్లు కైతారా ఒడిలో పోసుకుని తీసుకెళ్లాడు. చాప సంగతి ఎవరికీ గుర్తులేదు. అది నాలుగు పుల్లల మీద అలాగే నిలబడి ఉంది. ఎండ ఏటవాలు కావడంతో దాని నీడ అడుగున పడటం లేదు, పక్కకు జరిగి, గొట్టం మూత మీద పడుతోంది.